‘గుడ్ మార్నింగ్ టు ఒన్ అండ్ ఆల్’ అయ్యాక?

సంపాదకుడు గారికి,

నమస్కారం. సైన్స్ ఫెయిర్ల సీజన్ వచ్చిందంటే మీ జిల్లా పేజీల్లో ఒకే రకం ఫొటో వరసగా వస్తుంటుంది. బల్ల మీద థర్మాకోల్ నమూనా, పక్కన రెండు జడలు వేసుకున్న అమ్మాయి, ఎదురుగా బ్యాడ్జీ తగిలించుకున్న అధికారి. కింద ‘తన ప్రాజెక్టును ఆంగ్లంలో వివరిస్తున్న విద్యార్థిని’ అని ఉంటుంది. ఒక్కోసారి ‘అనర్గళంగా’ అన్న మాట కూడా పడుతుంది. అలాంటి ఫొటోలు తీసేటప్పుడు కెమెరా వెనక నిలబడే మనుషుల్లో నేనూ ఒకదాన్ని. ముమ్మిడివరం మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఇంగ్లిష్ టీచర్ని కాదు. కానీ ఫెయిరుకి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లేది సైన్సు వాళ్లమే కాబట్టి, వాళ్లు నలుగురి ముందు ఇంగ్లిష్‌లో ఎలా మాట్లాడుతున్నారో దగ్గర్నుంచి చూసేదీ మేమే.

ఫొటోలో పడనిది చెబుతాను. జడ్జీలు స్టాల్ దగ్గరికి రాగానే ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని, వాళ్ల తలల మీదుగా గోడకేసి చూస్తూ, ‘రెస్పెక్టెడ్ జడ్జెస్, మై బిలవ్డ్ టీచర్స్ అండ్ మై డియర్ ఫ్రెండ్స్, గుడ్ మార్నింగ్ టు ఒన్ అండ్ ఆల్’ అని అందుకుంటుంది. అక్కణ్నుంచి రైలు బండే, మధ్యలో హాల్టు ఉండదు. ఎక్కడైనా ఒక మాట తట్టకపోతే మళ్లీ గుడ్ మార్నింగ్ దగ్గరికి వెళ్లి మొదలుపెట్టాల్సిందే. రాత్రంతా కూర్చుని కంఠతా పట్టిన పేజీన్నర అది. చాలాచోట్ల రాసిచ్చింది కూడా టీచరే. అంతా అయ్యాక జడ్జీ గారు ‘ఈ నీలం పైపు ఎందుకమ్మా?’ అని ఇంగ్లిష్‌లో ఒక్క ప్రశ్న వేస్తారు. నిశ్శబ్దం. నీలం పైపు ఎందుకో ఆ పిల్లకు తెలుసు, ఫెవిక్విక్ పెట్టి అతికించిందే తను. కానీ అది పేజీన్నరలో లేదు. జడ్జీ గారు ‘వెరీ గుడ్, వెరీ గుడ్’ అని పక్క స్టాల్‌కి వెళ్లిపోతారు.

కేంద్రం ఇన్‌స్పైర్ మనక్ పథకం కింద ఎంపికైన పిల్లకు నమూనా తయారీ కోసం 10,000 రూపాయలు ఇస్తోంది. ఆ డబ్బుతో మోటారు కొంటారు, పైపులు కొంటారు, కార్పెంటర్‌ని పిలుస్తారు. నమూనా గురించి నోటితో చెప్పడానికి మాత్రం ముందురోజు రాత్రి ఒక్కటే మిగులుతుంది.

ఇదంతా ఇంగ్లిష్ రాకపోవడం వల్లే అంటారు. తల్లిదండ్రులు కూడా అదే నమ్మి వేసవి సెలవుల్లో స్పోకెన్ ఇంగ్లిష్‌కి అప్పు చేసి మరీ ఫీజు కడతారు. నేను మాత్రం దీన్ని ఒప్పుకోను. మా పిల్లలు తెలుగులో కూడా రెండు నిమిషాలు సొంతంగా మాట్లాడి ఎరగరు. ఆరు నుంచి పది దాకా క్లాసులో పిల్ల లేచి నిలబడేది పాఠం చదవడానికి, జవాబు అప్పజెప్పడానికి, హోంవర్క్ చేయనందుకు. చివరి దానికే ఎక్కువసార్లు. ‘నీకు తెలిసింది మాకు చెప్పు’ అని ఎవరూ లేపరు. 2019లో ఇంగ్లిష్ మీడియం జీవో వచ్చినప్పటి నుంచి నడుస్తున్న వాదనను నేనిక్కడ ఎత్తుకోను, దానికి మీ దగ్గర ఉత్తరాలకు కొదవుండదు. పాఠ్యపుస్తకాల్లో పక్కపక్క పేజీల్లో ఇంగ్లిష్, తెలుగు రెండూ ఇస్తున్నారు. చదువుకోవడానికి అది మంచి సాయం. పిల్ల నోరు తెరవాలంటే మాత్రం అందుకొక పీరియడ్ టైంటేబుల్లో ఉండాలి.

నో బ్యాగ్ డే శనివారాల్లో నాకా పీరియడ్ దొరికింది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో చేస్తున్నాం. ఒకమ్మాయి సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నదంతా అందులోనే ఉంది.

తొమ్మిదో తరగతి. వాళ్ల నాన్న లీజుకి తీసుకున్న చెరువుల్లో వనామీ రొయ్య వేస్తాడు. ఆ అమ్మాయి యూట్యూబ్ చూసి ‘హైడ్రాలిక్ బ్రిడ్జి’ మీద ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాసుకొచ్చింది. కాగితం పక్కన పెట్టించి, మీ ఇంట్లో రోజూ జరిగే పని ఒకటి చెప్పమన్నాను.

‘మా నాన్న రాత్రుళ్లు చెరువు గట్టు మీదే పడుకుంటారండి.’

‘ఎందుకూ?’

‘కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి కదండి. వెంటనే జనరేటర్ వెయ్యాలండి. లేకపోతే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అదే డీవో, పడిపోద్ది, రొయ్య తేలిపోద్దండి.’

‘మరి పగలు కరెంటు పోతే?’

కాసేపు ఆలోచించింది. ‘పగలు అంత కంగారు పడరండి.’

‘ఎందుకు పడరు?’

తెలియదు. ఆ రాత్రి నాన్ననడిగింది. చెరువు నీళ్లు తీసుకెళ్లి టెస్టు చేసే ల్యాబ్ కుర్రాడినీ అడిగింది. నీళ్లలోని నాచు పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది, అందుకే తెల్లవారుజామున డీవో బాగా అడుగుకి దిగుతుంది, 4 పీపీఎంకి తగ్గిందంటే రైతుకి నిద్ర ఉండదు. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ అని నేను బోర్డు మీద ఎప్పుడో రాసి తుడిచేసిన పాఠాలివి. ఇప్పుడవి వాళ్ల చెరువులో కనిపించాయి.

శనివారం వచ్చి నిలబడింది. ‘ఎవ్రీ నైట్ మై ఫాదర్ స్లీప్స్ నియర్ ది పాండ్. వై?’ అని ఆగింది. వెనక బెంచీలో పెన్నులతో క్రికెట్ ఆడుతున్న వాళ్లు కూడా తలెత్తారు. ‘ఇన్ ది డే, గ్రీన్ వాటర్ గివ్స్ ఆక్సిజన్. ఎట్ నైట్, గ్రీన్ వాటర్ టేక్స్ ఆక్సిజన్. ష్రింప్ ఆల్సో టేక్ ఆక్సిజన్. బిఫోర్ సన్‌రైజ్, ఆక్సిజన్ ఈజ్ వెరీ లో. సో మై ఫాదర్ నాట్ స్లీపింగ్.’ క్లాసంతా నవ్వింది, నవ్వాల్సిన చోటే నవ్వింది. ఆ చివరి వాక్యంలో వ్యాకరణం తప్పని నాకూ తెలుసు, అక్కడ కూర్చున్న మా ఇంగ్లిష్ మాస్టారికీ తెలుసు. ఇద్దరం నోరెత్తలేదు.

ఆ నోరెత్తకపోవడం మాకు రూలు. మాట్లాడుతుండగా మధ్యలో ఎవరూ తప్పు దిద్దకూడదు. అయ్యాక టీచరు ఒకే ఒక్క తప్పు చెప్పాలి, అదీ వచ్చేవారం దిద్దుకోగలిగింది. పది చెబితే ఆ పిల్ల పదకొండో తప్పు చేయడానికి మళ్లీ లేవదు. నవ్వుల భయం ఆడపిల్లలకు మరీ ఎక్కువ. అందుకే మొదట నలుగురు నలుగురు గుండ్రంగా కూర్చుని వాళ్లలో వాళ్లే చెప్పుకుంటారు, తర్వాతే క్లాసు ముందుకు వస్తారు. ఒకమ్మాయి కొన్ని వారాల పాటు నలుగురి గుంపులోనే ఉండిపోయింది. ఉండనిచ్చాం.

ముందు తెలుగులో చెప్పిస్తాం. పక్క బెంచీ పిల్లకి తెలుగులో చెప్పేటప్పుడే ఏది ముందు, ఏది వెనక అన్నది తేలిపోతుంది. అది తేలకుండా ఇంగ్లిష్‌లోకి దిగితే రెండు బరువులు ఒకేసారి మోయాలి. చేతిలో కాగితం ఉండకూడదు. పోస్టుకార్డులో సగం చీటీ మీద ఐదు మాటలు మాత్రం రాసుకోవచ్చు, వాక్యాలు రాసుకుంటే లాగేసుకుంటాను. వాక్యం చిన్నదిగా ఉండాలి, ఒక్కో వాక్యంలో ఒక్కో సంగతి, సంగతి అయ్యాక ఆగాలి. ఆగడం నేర్పడమే అన్నిటికన్నా కష్టం. ఆగితే మర్చిపోయారనుకుంటారేమోనని పిల్లల టెన్షన్. ఆగినప్పుడే వినేవాడు అందుకుంటాడని వాళ్లకు చెబితే ఎక్కదు. ఆ అమ్మాయి ‘వై?’ అని ఆగినప్పుడు క్లాసు తలెత్తడం కళ్లారా చూశాక అందరూ ‘వై?’ పెట్టడం మొదలెట్టారు. ఇప్పుడు ప్రతివాడి ప్రసంగంలోనూ ఒక ‘వై?’ ఉంటోంది, అది వేరే తలనొప్పి.

‘రెస్పెక్టెడ్ జడ్జెస్’ వరసంతా తీసేశాం. రెండు నిమిషాల మాటలో అర నిమిషం అదే తినేస్తుంది. ఒక్క గుడ్ మార్నింగ్ చాలన్నాం. మా హెచ్ఎం గారికి ఇది మొదట్లో అంతగా రుచించలేదు.

చేతిలో వస్తువు ఉంటే సగం భయం పోతుంది. కొబ్బరి ఆకుల మీద సర్పిలాకార తెల్లదోమ గురించి చెప్పడానికి ఒక కుర్రాడు పెద్ద చార్టు తెచ్చాడు, దాని నిండా స్కెచ్ పెన్నుతో పేరాలు. చార్టు చుట్టి మూలన పెట్టి, వాళ్ల దొడ్లోంచే ఒక ఆకు కోసుకు రమ్మన్నాం. ఆకు అడుగున తెల్లటి మైనంతో సుడులు సుడులుగా పెట్టిన గుడ్లు, కింద పెరిగే అరటాకు మీద నల్లటి మసి. ఈ దోమ 2016లో మన దేశంలో మొదటిసారి తమిళనాడులోని పొల్లాచి ప్రాంతంలో కనబడింది. ఇప్పుడు కోనసీమలో దీన్ని ఎరగని రైతు లేడు. ఆకు, అరటాకు రెండూ ముందు బెంచీకి ఇచ్చి ‘టచ్ ది బ్లాక్ పౌడర్’ అన్నాడు. అందరి కళ్లూ వాడి మీంచి ఆకు మీదికి మళ్లాయి. అంతవరకు వణుకుతున్న కాలు ఆగిపోయింది. దోమ వదిలే తీపి జిగురు కింది ఆకుల మీద పడుతుందనీ, ఆ జిగురు మీదే మసి బూజు పెరుగుతుందనీ మూడు నాలుగు వాక్యాల్లో చెప్పాడు. ఈ దోమను చంపడానికి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లిచ్చే శిలీంధ్రం గురించి కూడా చెప్పాడు. దాని పేరు, ‘ఐసేరియా’, పలకలేక బోర్డు మీద రాశాడు. నాకది బాగా నచ్చింది. పలకడం కష్టమైన పేర్లూ, పొరపాటున వేరేగా వినబడే అంకెలూ రాసి చూపించాలి. పదమూడు అంటే ముప్పై అని వినబడే ప్రమాదం ఇంగ్లిష్‌లో ఎప్పుడూ ఉంటుంది.

ఉచ్చారణ గురించి ఇంతకుమించి పట్టించుకోను. మా పిల్లల ఇంగ్లిష్‌లో గోదావరి యాస ఉంటుంది. ‘యెస్ అండి’, ‘థ్యాంక్యూ అండి’ అంటారు. అననివ్వండి. తొందరపడకుండా, మాట మింగకుండా చెబితే మదనపల్లె వాడికైనా మాంచెస్టర్ వాడికైనా అర్థమవుతుంది.

తరగతి గదుల్లో ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, అంటే బోర్డంత డిజిటల్ తెరలు, వచ్చాక ఇంకో ముచ్చట మొదలైంది. పుస్తకంలోని పేరా మొత్తం తెర మీదికి ఎక్కించి, క్లాసుకి వీపు పెట్టి చదవడం. పెద్దవాళ్ల మీటింగుల్లో చూసి నేర్చుకున్నదే ఇది, పిల్లల్ని ఏమీ అనలేం. తెర మీద ఒక బొమ్మ, దాని కింద నాలుగైదు మాటలకు మించకూడదన్నాం. ఏరియేటర్ అమ్మాయి పెట్టింది రాత్రిపూట చెరువు ఫొటో ఒక్కటే, వాళ్ల నాన్న ఫోన్లో తీసింది. నల్లగా, ఏమీ కనబడకుండా ఉంది. అయినా పనికొచ్చింది.

ఇక ప్రశ్నలు. అసలు పరీక్ష అక్కడే. మన గోదావరి జిల్లాల వాళ్లకు ఇదేమన్నా కొత్త విద్యా? భీమవరం దగ్గర యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తిరుపతి వేంకట కవులుగా ఊరూరా తిరిగి అవధానాలు చేశారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు తలో పక్క నుంచీ అడుగుతుంటే కాగితం ముక్క లేకుండా జవాబివ్వాలి. వాళ్లలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడి పనే అవధాని ధ్యాస చెడగొట్టడం. మా శనివారం క్లాసులో ఆ పదవి ఒకటి పెట్టాం. దానికి విపరీతమైన పోటీ. ఏరియేటర్ అమ్మాయిని ఒకడు ‘డు ష్రింప్ స్లీప్?’ అనడిగాడు. ఆ అమ్మాయి తడబడలేదు. ‘ఐ డోంట్ నో. ఐ విల్ ఆస్క్ అండ్ టెల్ యూ’ అంది. ఇలాంటి వాక్యాలు కొన్ని ముందే నేర్పి ఉంచుతాం: ప్రశ్న మళ్లీ అడగమనడానికి ఒకటి, తెలియదని చెప్పడానికి ఒకటి, ‘ఇది తెలుగులో చెప్పొచ్చా’ అనడానికి ఒకటి. కంఠతా పట్టాల్సింది ఏదైనా ఉంటే ఈ మూడే.

మిగతా పదవులు వేరే చోట నుంచి తెచ్చుకున్నాం. నలుగురి ముందు మాట్లాడడం సాధన చేయడానికి 1924లో కాలిఫోర్నియాలో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఒకరు టైము చూసి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు చూపిస్తారు, ఒకరు వక్త ఎన్నిసార్లు ‘ఆ... ఊ...’ అన్నాడో లెక్కపెడతారు, ఇంకొకరు విని బాగోగులు చెబుతారు. మాకు చార్టు ముక్కలు చాలు. పైసా ఖర్చు లేదు. అన్నిటికన్నా మేలు ఏమిటంటే, మాట్లాడే వాడొక్కడే కాక ఇంకో నలుగురు కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని వింటున్నారు.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఒక ఫెయిర్లో మా తెల్లదోమ కుర్రాడు జడ్జీకి తెలుగులో మొదలుపెట్టి, మసి ఎలా వస్తుందో చక్కగా చెబుతుంటే, మధ్యలో ఆపి ‘ఇంగ్లిష్‌లో చెప్పలేవా?’ అన్నారు. వాడు ఆగిపోయాడు. బహుమతి ఆపకుండా అప్పజెప్పిన స్టాల్‌కి వెళ్లింది. ఆ తర్వాత వాడు చాలాకాలం నా కళ్లలోకి చూడకుండా తిరిగాడు. జడ్జీగా కూర్చునే పెద్దలకు నా విన్నపం: అప్పజెప్పేది వినడం మానేయండి. మొదటి వాక్యం అవగానే ఆపి, నమూనాలో ఏదో ఒక ముక్క పట్టుకుని ఇది ఎందుకని అడగండి. పిల్ల ఏ భాషలో జవాబిస్తే ఆ భాషలో వినండి, ఆ తర్వాత అదే జవాబు ఇంగ్లిష్‌లో ప్రయత్నించమనండి. ఫెయిర్లు నిర్వహించే అధికారులు మార్కుల పట్టికలో ప్రశ్నలకు జవాబులని ఒక గడి పెట్టి, దానికి ఇంగ్లిష్ ధాటి కన్నా ఎక్కువ మార్కులిస్తే, మరుసటి ఏడాదికల్లా పేజీన్నర స్క్రిప్టులు వాటంతటవే మాయమవుతాయి. మార్కులు ఎటు ఉంటే టీచర్లూ అటే నడుస్తాం, అందులో దాపరికం ఏముంది?

ఇంజినీరింగ్‌కి వెళ్లిన మా పాత విద్యార్థులు పండక్కి వచ్చినప్పుడు చెప్పేది వింటే ఈ రోగం అక్కడా తగ్గలేదనిపిస్తుంది. మొదటి సంవత్సరం ఇంగ్లిష్ ల్యాబ్‌లో ‘జామ్’ అని ఒక నిమిషం మాట్లాడిస్తారు. ఆఖరి సంవత్సరంలో సెమినార్, ప్రాజెక్టు వైవా. మధ్యలో రెండేళ్లు నోరు మూతే. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’కి హాస్టల్ మొత్తానికి ఒకే జవాబు, ఊరి పేరు మార్చుకుంటారు, అంతే. కొనుక్కొచ్చిన ప్రాజెక్టు గురించి ఏ భాషలో మాత్రం ఏం చెబుతారు?

సిలబస్ ఎప్పుడు పూర్తిచేస్తారని నన్ను అడిగేవాళ్లు ఉన్నారు. పదో తరగతితో నేను ఇది చేయించలేకపోతున్నాను. పబ్లిక్ పరీక్షల కోసం వంద రోజుల ప్రణాళిక మొదలయ్యాక పదో తరగతి పిల్లలు ఊపిరి పీల్చుకుంటేనే గొప్ప. వేరే సబ్జెక్టుల వాళ్లు కూడా కలిసొస్తే బాగుండేది. సోషల్ మాస్టారు ధవళేశ్వరం ఆనకట్ట గురించి, లెక్కల మాస్టారు కొబ్బరికాయల వ్యాపారంలో లాభనష్టాల గురించి ఇలాగే రెండేసి నిమిషాలు మాట్లాడించవచ్చు. మాట్లాడించడమంటే ఇంగ్లిష్ మాస్టారి పనని అందరూ వదిలేస్తున్నారు, ఆయనేమో వ్యాకరణం బిట్లు పూర్తికాక కిందామీదా పడుతున్నారు.

మాకు ఒక లోటు మిగిలింది. ఎప్పుడూ వినే మొహాలే వింటున్నాయి. మా పిల్లలకు కొత్తవాళ్లు కావాలి. ఆక్వా ల్యాబుల్లో పనిచేసేవాళ్లు, ఉద్యాన శాఖ అధికారులు, బ్యాంకు మేనేజర్లు, సెలవుకి ఇంటికొచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు, ఎవరైనా సరే, మీ ఊరి హైస్కూలుకి ఒక శనివారం అరగంట వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. మీరు ప్రసంగించనక్కర్లేదు. పిల్లలు చెప్పింది విని, రెండు ప్రశ్నలు మెల్లగా, ఇంగ్లిష్‌లో అడగండి. వెళ్లేముందు హెచ్ఎం గారికి ఒక ఫోన్ చేయండి. శాలువాలు, బొకేలు ఉండవు. స్టాఫ్ రూంలో టీ మాత్రం ఇప్పిస్తారు.

ఇట్లు
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
ముమ్మిడివరం మండలం, కోనసీమ జిల్లా